ఋణశేషము

మన పల్లెలలో కలిసి బ్రతికిన యిద్దరు విడిపోయినపుడు, వారిని మృత్యువు విడదీసినను మనస్పర్ధ విడదీసినను, వినవచ్చు మాట యొక్కటే: "ఋణం తీరింది." ఆలుబిడ్డలును ఇల్లును పాడిపశువులును పూర్వజన్మపు బాకీలను వెంటబెట్టుకొని మనలను చేరుననియు, బాకీ చెల్లిన నాడు మన చేయి విడిచి తమ దారిని పోవుననియు చెప్పెడి ఋణానుబంధ సిద్ధాంతము, శాస్త్రము చదివిన వారి పుస్తకములలోకంటె చదువని వారి నాలుకలపైననే యెక్కువగా నిలిచియున్నది. ఈ మాటలో ఓదార్పు కలదు. తప్పెవరిది, ఒప్పెవరిది యను విచారణను అది చల్లగా ఆపివేసి, విడిపోయిన వారిద్దరిని సమానముగా నిర్దోషులను చేయును. కాని యీ సిద్ధాంతమును ఎరుగని ఋణదాత యొకడు లోకమున నున్నాడు. అతడు ప్రభుత్వము. మూడుముళ్లు వీడిన సంగతి అతనికి తెలియదు. తెలిసినను అక్కర లేదు. దంపతులకు తీరిన ఋణము అతని ఖాతాలో తీరకయే నిలిచియుండును. ఆ ఋణశేషమును ఎవరు మోయవలయును, ఏ న్యాయముచే మోయవలయును అనునదియే యిచట మన విచారణ.

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు రాచబాట మీద మరిపెడ యున్నది. వరంగల్లు జిల్లాలోని ఊరుగనే తరతరములు పేరుపడి, 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరి, 2018లో పురపాలక సంఘమైన యీ ఊరు, చుట్టుపట్ల పల్లెలకును లంబాడీ తండాలకును అంగడి. పత్తియు మిరపయు వరియు ఇచటి పంటలు. కల్లములో ఎండిన మిరపకాయ ఖమ్మము మార్కెటుకో వరంగల్లు ఏనుమాముల మార్కెటుకో పోయి, అమ్మకపు లెక్కచీటియైన తక్‌పట్టీ చేతికి వచ్చిన తరువాతనే విత్తనముల బాకీలును పురుగుమందుల బాకీలును తీరుచుండును. ఊరంతయు ఉద్దెర మీద నడచి, పంటకాలమున ఒక్కమారు లెక్క సరిచూచుకొనెడి యిట్టి చోట ఋణము సిగ్గుపడవలసిన వస్తువు కాదు. వానవలెను ఎండవలెను అదియు కాలధర్మము.

ఇట్టి ఊరిలో ఒక దంపతులను ఊహింతము. సడకు ప్రక్కన వారికొక పురుగుమందుల దుకాణము కలదు. మగనికి పాత బాకీలుండుట చేతనో, ఆడువారి పేర అప్పు సులభముగా పుట్టుట చేతనో, ఆమె పేరు కలిసివచ్చునని ఎవరో చెప్పుట చేతనో, లైసెన్సును పన్ను నమోదును బ్యాంకు ఖాతాయు ఆమె పేరనే యున్నవి. గల్లా యొద్ద కూర్చుండువాడు అతడు. సరుకు తెచ్చువాడు అతడు. ఆడిటరుతో మాటలాడువాడు అతడు. అతడు వరంగల్లు పోయిన నాడు ఆమె దుకాణములో కూర్చుండును. కాగితము ముందు పెట్టిన నాడు సంతకము చేయును. కొంతకాలమునకు కాపురము చెడినది. పెద్దమనుషులు కూర్చుండి బంగారమును, ఇంటిజాగను, పుట్టింటివారిచ్చిన అరణమును, పిల్లల చదువుల ఖర్చును తెగదెంపులు చేసి ఇడుపు కాయితము వ్రాయించిరి. పిమ్మట న్యాయస్థానము విడాకుల డిక్రీ నిచ్చినది. రెండు సంవత్సరములు గడచిన తరువాత పన్ను బాకీకి వడ్డీయు జరిమానాయు చేర్చి ఆమె పేర నోటీసు వచ్చినది. "నేను సంతకం పెట్టిన్నంతే, లెక్కలన్నీ ఆయనకే ఎరుక" అని ఆమె యనును. "దుకాణం ఆమె పేరు మీదనే ఉండె గదా, ఆమె మెడల గొలుసు ఎవని పైసలతోని వచ్చింది?" అని అతడనును. చిక్కంతయు ఇద్దరి మాటయు సత్యమగుటలోనే యున్నది.

చట్టమును ముందుగా అడిగితిమేని దాని యుత్తరము పొట్టిది: ఎవరి పేరు గలదో వారిది బాకీ. మన దేశములో భార్యాభర్తలు ఏకమై ఆదాయపు పన్ను లెక్క నొప్పగించు పద్ధతి లేదు. ఎవరి పాన్‌కార్డు వారిది, ఎవరి రిటర్ను వారిది. ఇంగ్లండులో 1990 వరకు భార్య యార్జనను భర్త యార్జనగనే యెంచి పన్ను వేయుచుండిరని తలచినచో, ఈ వేరుబాటు స్త్రీకి గౌరవమే. కాని పేరు వేరు, పెత్తనము వేరు అయిన యిండ్లలో ఈ గౌరవమే ఉరిత్రాడు కావచ్చును. 1955 నాటి హిందూ వివాహ చట్టము విడిపోవు దంపతుల వివాహకాలపు ఉమ్మడి కానుకల విషయమున ఏమి చేయవలయునో చెప్పినది, భరణము మాట చెప్పినది; బాకీల పంపకమును గూర్చి మాత్రము మౌనము వహించినది. ఆ మౌనములో ధర్మమును వెదకుకొనుట మన వంతైనది.

ధర్మశాస్త్రములు ఈ ప్రశ్నకు కొత్తవి కావు. తెలుగునాట అనేక కుటుంబములు తమ కర్మకాండకు ప్రమాణముగా గొన్న ఆపస్తంబుడు, భార్యాభర్తల నడుమ విభాగమే లేదని శాసించెను. పాణిగ్రహణము మొదలు కర్మములందును, పుణ్యఫలములందును, ధనార్జనమునందును వారికి సహత్వమే గాని పంపకము లేదని యతని యభిప్రాయము. కాని యీ జాబితాను మరొకమారు చదువవలయును. కర్మము కలదు, పుణ్యఫలము కలదు, ధనము కలదు. పాపఫలము లేదు, ఋణము లేదు. సూత్రకారులు ఒక్క యక్షరము తగ్గినను పండుగ చేసికొందురని ప్రసిద్ధి కనుక ఇది పొదుపువలన జరిగిన లోపము కావచ్చునందురా? నాకట్లు తోచదు. కలిసి చేసిన మేలు ఇద్దరిని చేరును. ఒకరు చేసిన కీడు తాళిబొట్టు దారము పట్టుకొని రెండవవారి మెడలోనికి ప్రాకదు.

ఆపస్తంబుడు విడిచిన తావును యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో నింపెను. కల్యాణినగరమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరగా వ్యాఖ్యానింపగా, పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించిన స్మృతి యిదియే గనుక, అందలి ఋణాదానప్రకరణము తెలుగువారికి ఏడువందల యేండ్ల నాడే పరిచితము. భర్త చేసిన యప్పును భార్య తీర్చనక్కర లేదు, భార్య చేసిన యప్పును భర్త తీర్చనక్కర లేదు. కుటుంబార్థమై చేసినదైనచో భర్తకు తప్పదు. స్త్రీ తీర్చవలసిన ఋణములు మూడు మాత్రమే: తాను ఒప్పుకొన్నది, భర్తతో కూడి చేసినది, తానై చేసినది. గొల్ల, కల్లుపాక నడుపువాడు, నటుడు, చాకలి, వేటకాడు అను నైదుగురి భార్యలు చేసిన ఋణములను మాత్రము వారి భర్తలు తీర్చవలసినదే. ఏలన, ఆ యిండ్ల బ్రతుకుతెరువు ఆ స్త్రీల మీదనే నడచును.

ఈ చివరి నియమమును కులముల పట్టికగా చదివి దాటిపోవుట సులభము. దాని లోపలి న్యాయము మాత్రము నేటికిని పదునైనదే. చేతితో పనిచేసి ఇల్లు నడిపినవారి యప్పు ఇంటి యప్పే యగును. పేరు ఎవరిదని కాక బ్రతుకుతెరువు ఎవరినుండి పుట్టినదని స్మృతికారుడు అడిగెను. మరిపెడ దుకాణమునకు ఈ కొలతబద్ద పెట్టితిమేని, లైసెన్సు మీది పేరు ఆమెదైనను వ్యాపారవృత్తి యతనిది గనుక, బాకీయు ప్రధానముగా అతనినే చేరును. మరియొక విశేషము కలదు. తండ్రి చేసిన యప్పులలో కొడుకు తీర్చనక్కర లేని వానిని లెక్కించుచు, కల్లు, కాముకత్వము, జూదము, వృథాదానము వీనితో పాటు రాజునకు కట్టక మిగిలిన దండమును, శుల్కశేషమును గూడ యాజ్ఞవల్క్యుడు చేర్చెను. పిండము పెట్టు కొడుకునకే అంటని పన్నుశేషము, దారి వేరు చేసికొన్న యిల్లాలికి అంటునా యని అడుగుటకు ఇచట చోటున్నది.

అయినను ఒప్పుకొన్న ఋణము అను మాట యొద్ద ఆగక తప్పదు. ఆమె సంతకము చేసినది గదా! సంతకమనగా ఒప్పుకొనుట కాదా? ఈ చిక్కును విప్పుటకు మన పిల్లలందరెరిగిన కథ యొకటి చాలును. బాటసారులను దోచి బ్రతుకు బోయవానిని మునులు ఆపి, నీవెవరి కొరకు ఈ పాపము చేయుచుంటివో వారు దీనిలో పాలు పంచుకొందురేమో అడిగి రమ్మనిరి. అతడింటికి పోయి యడిగెను. అన్నము పెట్టుట నీ ధర్మము, అది నీవెట్లు తెచ్చితివో మాకేమి యని ఆలుబిడ్డలు పలికిరి. ఆ యుత్తరమే బోయను వాల్మీకిని చేసినది. ఈ కథ విన్నవారందరు ఆ యిల్లాలిని స్వార్థపరురాలనియే యెంచుదురు. నేను మాత్రము ఆమె పక్షమున ఒక మాట చెప్పదలచితిని. ఆమె యుత్తరము స్మృతికి సరిపోయినది. అంతకంటె ముఖ్యముగా, ఆమెను ఆ ప్రశ్న అంతకు ముందెన్నడును ఎవరును అడుగలేదు. దొంగసొమ్ము వండిపెట్టిన యిన్ని యేండ్లలో లెక్క చెప్పని మగడు, శిక్ష పడు వేళకు మాత్రము వాటా యడుగుటకు వచ్చెను. తిలాపాపము తలా పిడికెడని సామెత కలదు గాని, పిడికెడు పట్టుటకు ముందు అది నువ్వులో పాపమో చెప్పవలసిన బాధ్యత పంచువాని మీద నున్నది.

ఈ కథలో మూడు పాత్రలు మనకు వేరువేరుగా కనబడుచున్నవి: చేసినవాడు కర్త, ఎరిగినవాడు జ్ఞాత, అనుభవించినవాడు భోక్త. లోకవ్యవహారమున మనము ఈ మూటిని కలిపివేసి, తిన్నది గనుక ఎరుగును, ఎరుగును గనుక చేసినట్లే యని తీర్పు చెప్పుదుము. చేసినవాడును చేయించినవాడును పురికొల్పినవాడును మెచ్చుకొన్నవాడును ఫలమునకు సమభాగులని పెద్దలు చెప్పినదియు నిజమే. ఆ నలుగురిలో తెలియక తిన్నవాడు లేడు. మెడలోని గొలుసు భోగమునకు సాక్ష్యము; జ్ఞానమునకు కాదు. అయినను భోక్తకు బాధ్యత బొత్తిగా లేదనలేము. పన్ను ఎగవేయగా మిగిలిన సొమ్ము ఇప్పటికిని ఆమె చేతిలో బంగారముగనో భూమిగనో నిలిచియున్నచో, అది రాజుసొత్తు. ఉన్నంత మేరకు తిరిగి యిచ్చుటయే న్యాయము. కర్త ఋణమంతటికిని బద్ధుడు. జ్ఞాత తానెరిగినంతకు బద్ధుడు. కేవల భోక్త తన చేత మిగిలినంతకే బద్ధుడు. నాకు తోచిన తారతమ్యమిది.

ఇది మన యూరి యూహ మాత్రమే కాదని తెలిసికొనవలెనన్న అమెరికాను చూడవలయును. ఆ దేశమున స్థిరపడిన తెలుగు దంపతులు పన్ను తగ్గుననియో అలవాటుననో ఏటేట ఒక్కటే సంయుక్త రిటర్నును ఒప్పగింతురు. దానిపై ఇద్దరును సంతకము చేసిన క్షణమున ఆ సంవత్సరపు పన్నంతటికిని ఒక్కొక్కరును పూర్తిగా బాధ్యులగుదురు; సగము సగము కాదు, ఇద్దరిలో ఎవరినుండి యైనను మొత్తము రాబట్టవచ్చును. 1938లో ఈ నియమము చట్టమున కెక్కెను. విడాకుల న్యాయమూర్తి యీ బాకీ మగడే కట్టవలయునని వ్రాసి యిచ్చినను పన్నులశాఖకు ఆ వ్రాత కట్టుబాటు కాదు. ఋణదాత సమ్మతి లేక ఋణస్థులు తమలో తాము బాకీని మార్చుకొనలేరను పాతన్యాయమే దానికి మూలము. ఆమె కట్టి, పిమ్మట అతనితో తగవు పడవలసినదే. దీని క్రౌర్యమును గుర్తించి 1971లో నిర్దోషులైన భార్యలకును భర్తలకును కొంత విముక్తి నిచ్చిరి. 1998లో దానిని విస్తరించి, విడాకులు పొందినవారును, పండ్రెండు నెలలు వేరుగా కాపురమున్నవారును, తమతమ యార్జనకు తగినంత పన్నునే మోయునట్లు కోరుకొను దారి కల్పించిరి. కాని సంతకము చేయునాటికి ఆ లోపము ఆమెకు నిజముగా తెలిసియున్నచో ఆ లోపము మేరకు విముక్తి లేదు. బెదరింపునకు లోనై చేసిన సంతకమైనచో తెలిసియుండుటయు ఆ విముక్తికి అడ్డురాదు. సముద్రముల కావల, స్మృతుల పేరెరుగని శాసనకర్తలు, కర్తను జ్ఞాతను భోక్తను విడదీయవలసిన చోటికే నడచి వచ్చిరి.

మన చట్టములోను ఈ వెలుగు చిన్నచిన్న కిటికీలనుండి ప్రసరించుచు వచ్చినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 64వ సెక్షను, తగిన మూల్యము లేక భార్యకు బదిలీ చేసిన ఆస్తిపై వచ్చు రాబడిని భర్త రాబడిలో కలుపుమన్నది. కాని వేరుగా నుండుటకు చేసికొన్న యొడంబడికను బట్టి యిచ్చినదానిని మినహాయించినది. అట్లు కలిపిన రాబడిపై పన్నును, ఆ యాస్తి నిజముగా ఎవరి చేతనున్నదో వారినుండి ఆ మేరకు రాబట్టవచ్చునని 65వ సెక్షను చెప్పినది. ఇది భోక్త తన చేతనున్నంతకే బద్ధుడను న్యాయము. అట్లు రాబడిని కలుపుటకు బదిలీ నాటికిని రాబడి పుట్టిన నాటికిని దాంపత్యము ఉండియే తీరవలయునని 1963లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఉమ్మడి కుటుంబము పంపకమైనపుడు ఆనాటివరకు గల పన్నుకు అందరును బాధ్యులే యైనను, ఒక్కొక్కరి వంతును వారికి వచ్చిన యాస్తినిబట్టి లెక్కకట్టుమని అదే చట్టము నిర్దేశించినది. అన్నదమ్ముల పంపకమునకు చెప్పినంత స్పష్టముగా ఆలుమగల పంపకమునకు చెప్పి యుండినచో ఎంత బాగుండెడిది!

ఇందుకొక ప్రత్యుత్తరము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నాకు తెలియదను మాటను చట్టము అంగీకరించిన నాడు, ఎగవేతదారులందరును బాకీని ఒకరి పేరను ధనమును మరొకరి పేరను ఉంచి, కాగితము మీద విడిపోయి, ఇద్దరును చేతులు దులుపుకొనరా? వారు కట్టని రూకను నిజాయితీగా కట్టిన పొరుగు దుకాణదారుడే గదా మోయవలసివచ్చును? ఈ భయము నిరాధారము కాదు. అందుచేతనే అజ్ఞానములలో భేదము చూడవలయును. గాంధారి కనులకు గంత తానే కట్టుకొన్నది. ఆమె చూడకపోవుట లోపము కాదు, సంకల్పము. ఇంటికి వచ్చు సొమ్ము వ్యాపారమును మించి కనబడుచున్నను అడుగక, అడిగినచో వినవలసివచ్చునని భయపడి, సుఖముగా మౌనము వహించినవారి అజ్ఞానము గాంధారీవస్త్రము. అది జ్ఞానముతో సమానమే. అడిగినచో కసరినవాని యింట, చదువు లేక, ఖాతాపుస్తకము చేతికి రాక, చూపిన చోట సంతకము చేసినవారి గంత పరులు కట్టినది. న్యాయనిర్ణేత విచారింపవలసినది కన్నులు మూసియుండెనా యని కాదు. ముడి ఎవరి చేతిదని.

మరిపెడ చుట్టుపట్ల తండాలను తలచినపుడు ఈ ప్రశ్న మరింత బరువెక్కును. 1976 నాటి శాసనముచే తెలంగాణపు లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. హిందూ వివాహ చట్టము ఆ తెగలకు తనంత తాను వర్తింపదు గనుక, పెండ్లియు విడుపును తండా నాయకుడును పెద్దలును ఆచారమునుబట్టి తెగదెంపు చేయుట కలదు. పన్ను నోటీసు మాత్రము తండాకును పేటకును ఒక్క తీరుననే వచ్చును. అందరు కూర్చున్న ఆ చెట్టునీడలో ఎద్దులు, వెండి, చేను, పిల్లలు అన్నియు లెక్కకు వచ్చును. కార్యాలయమునందలి కంప్యూటరులో పెరుగుచున్న బాకీ ఎవరి కంటికిని కనబడదు గనుక లెక్కకు రాదు.

ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఒక యభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకునంతయు పూర్వరాజులు బలిమితో లాగుకొనుచుండిరనియు, ధనము ప్రాణముకంటె మిన్న గనుక, కడలి నమ్మి బయలుదేరినవారి యెడ కరుణచే తాను నియతమైన శుల్కము దప్ప తక్కినదంతయు వారికే విడిచితిననియు దాని సారము. ఇతర దేశముల వర్తకులను తలచి వేయించిన ఆ రాతిపలుకు, పగిలిన కాపురమునకును సరిపోవునని నాకు తోచును. ఓడ పగిలినదను నెపమున రాజు తన శుల్కమును వదలుకొననక్కర లేదు. ఓడ పగిలినదను నెపమున ఒడ్డున పడిన పలకను, దానిని పట్టుకొని యీదివచ్చిన మనిషి మూటను గూడ లాగుకొనరాదు. అసలు పన్ను శుల్కము వంటిది. తెలియని యపరాధమునకు మోపిన జరిమానాలును, బిడ్డ చదువునకై విడిచిన భరణమును పుట్టింటి యరణమును జప్తు చేయుటయు ఆ మూటను లాగుట వంటివి.

రాజు చేయదగినది ఇది. దంపతులు చేయదగినది అంతకంటె ముందున్నది. ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును మిగుల్పరాదని పెద్దలందురు. విడాకులలో శత్రుశేషము మిగులకుండ చూచుట కష్టము. అగ్నిశేషము ఏండ్ల తరబడి నివురు క్రింద నుండును. ఋణశేషము నొక్కదానినే మనుష్యప్రయత్నముచే తుడువవచ్చును. దానికి సాధనము ధనముకంటె ముందు లెక్క. బాకీని పంచుకొనుటకు ముందు బాకీని గూర్చిన జ్ఞానమును పంచుకొనవలయును. జ్ఞానము పంచబడని చోట చేసిన ఋణవిభాగమంతయు వంచనయే, సగము సగము చేసినను వంచనయే. తన పేర నడచిన వ్యాపారపు కాగితములను అడిగి చదివించుకొనుట ఆమె ధర్మము. అడుగకున్నను తెచ్చి ముందు పెట్టుట అతని ధర్మము. ప్రేమ పోయిన తరువాత మిగులు ధర్మమిదియే, ప్రేమ యున్ననాడు చేయకపోవుటచేతనే ఇంత బరువైనది.

కాబట్టి ఇడుపు కాయితము వ్రాయు పెద్దమనిషి బంగారము, జాగ, అరణము వ్రాసి ముగించి వ్రేలిముద్రలకు సిరాపెట్టె తెరచుటకు ముందు, ఇద్దరి ముఖములును చూచి ఒక్కమాట యడుగవలయును: "ఇంక చెప్పని లెక్కేమన్న ఉన్నదా బిడ్డా?" వారిలో ఎవరైన తల వంచుకొన్నచో కాగితమును ఆ దినమునకు మడచిపెట్టవలయును. ఇద్దరును తలయెత్తి లేదనగలిగిన నాడు, దూరమున నిలిచి చూచుచున్న ఊరివారు ఋణము తీరినదని అనుకొనవచ్చును.